నీళ్ళ కింద మామగారి దీవి

ఆ శనివారం పొద్దున క్లోవిస్ తెరియో వేసుకున్న పథకంలో భయపడాల్సింది ఏమీ లేదు. మామగారి పడవ తీసుకుని బావమరిదితో సముద్రం మీదికి వెళ్ళాలి, నాలుగు ఎర్ర స్నాపర్ చేపలు పట్టాలి, మధ్యాహ్నం భోజనం వేళకి పడవని శుభ్రంగా కడిగి ఉన్నచోట కట్టేయాలి. ఆదివారం మామగారికి ఎనభై నిండుతాయి. టమాటా పులుసులో స్నాపర్ ముక్కలు మగ్గబెట్టిన కూర్‌బుయాన్ లేకుండా ఆ ఇంట్లో పుట్టినరోజు జరగదు. ఇంతే సంగతి. అయినా క్లోవిస్ చీకటితోనే లేచి, కాఫీ కప్పు ముందు పెట్టుకుని, తాగకుండా భయపడుతూ కూర్చున్నాడు.

క్లోవిస్ మా ఊరి కాలువ మీద వంతెన ఎత్తే ఉద్యోగం చేస్తాడు. రొయ్యల పడవ వస్తే ఎత్తాలి, వెళ్ళిపోతే దించాలి. పెలికాన్ పక్షి కాస్త పెద్దది కనిపించినా ఎందుకొచ్చిన గొడవలే అని ఎత్తేస్తాడని ఊళ్ళో వేళాకోళం. అలాంటి మనిషికి మామగారు ఆల్సిద్ శెరామీ తన పడవ ఇవ్వడమంటే మాటలు కాదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ పడవ అంచు మీద చెయ్యి వేసి నిలబడే చనువు కూడా అల్లుడికి లేదు. పోయిన అత్తగారి పేరే దానికి పెట్టారు, ఎల్మీర్ అని. మోకాలికి ఆపరేషన్ కాకపోయి ఉంటే ముసలాయన తానే వెళ్ళేవాడు. తాళం చెవి చేతిలో పెడుతూ ఒకే మాట అన్నాడు.

"అల్లుడూ, చేపలు రాకపోయినా ఫర్వాలేదు. ఎల్మీర్ రావాలి."

ఇక సముద్రం సంగతి చెప్తాను. మా లూసియానా తీరంలో సముద్రానికి ఇద్దరు యజమానులు. ఒడ్డు నుంచి తొమ్మిది మైళ్ళ దాకా మాదేనంటుంది రాష్ట్రం. మూడు మైళ్ళు దాటితే మాదంటుంది కేంద్రం. ఆ మధ్యలో ఉన్న నీళ్ళు ఎవరివో చేపలకి తెలియదు, పట్టేవాళ్ళకి అసలే తెలియదు. ఆ వారం రాష్ట్రం లెక్కలో స్నాపర్ పట్టవచ్చు. కేంద్రం లెక్కలో ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. రాష్ట్రం కాపలావాళ్ళు ఆకుపచ్చ పడవలో తిరుగుతూ చెయ్యి ఊపుతారు. కేంద్రం వాళ్ళు బూడిదరంగు పడవలో తిరుగుతూ చెయ్యి ఊపరు. వాళ్ళకి చిక్కితే చేపలతో పాటు పడవనీ పట్టుకుపోతారని ఊరంతా చెప్పుకుంటుంది. అలా ఎవరి పడవ పోయిందో చెప్పమంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. క్లోవిస్ మొదటి ముక్క వింటాడే తప్ప రెండోది వినడు.

పోనీ మైళ్ళు కొలవడానికి ఒడ్డు ఎక్కడుందయ్యా అంటే అది ఇంకో పేచీ. మా నేల ఏటికేడాది సముద్రంలోకి కరిగిపోతుంది. రాష్ట్రం తన మైళ్ళని శెరామీ దీవి నుంచి కొలుస్తుంది. ఆ దీవి పటంలో ఇంకా పచ్చగా ఉంది. సముద్రంలో మాత్రం ఓ పెద్ద తుఫానుకి మునిగిపోయి చాలాకాలమైంది. మా ఆల్సిద్ మామ పుట్టింది ఆ దీవి మీదే. అది మునగలేదు, కాస్త తడిసిందంతే అని ఆయన వాదన. నేల మునిగితే సొంతదారుకి హక్కు పోతుంది, అది ప్రభుత్వం పాలవుతుంది. అందుకని ఆయన వెళ్ళి తన నేల సంగతి అడిగితే రాష్ట్రం వాళ్ళు దీవి మునిగిందంటారు, కేంద్రం వాళ్ళు అడిగితే మునగలేదంటారు. ఈ కోపం ముసలాయన కడుపులో అలాగే ఉండిపోయింది.

పడవలో తోడు వచ్చినవాడు నోర్బేర్, మామగారి కొడుకు. ఇళ్ళకి పైకప్పులు వేసే పని. వాడికి ఎత్తులంటే భయం లేదు, మరి దేనికీ భయం లేదు. అందుకనే వాడితో ఎక్కడికి వెళ్ళాలన్నా క్లోవిస్‌కి భయం. మూడు మైళ్ళు దాటబోమని గట్టు మీద ఒట్టు వేయించుకుని మరీ ఎక్కించాడు. మూడు మైళ్ళ లోపల ఎంతసేపు గాలాలు వేసి కూర్చున్నా ఒక బక్క క్యాట్‌ఫిష్ తప్ప ఏమీ పడలేదు. నోర్బేర్ దాన్ని ఎత్తి చూపించాడు.

"బావా, రేపు నాన్న కంచంలో దీన్నే పెడదామా? నువ్వే పెడుదువుగాని."

క్లోవిస్ కళ్ళ ముందు మామగారి కంచం, కంచం పైన మామగారి మొహం కనిపించాయి. పడవ తిప్పాడు. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ ఏడు మైళ్ళ దగ్గరున్న పాత చమురు రిగ్గు దాకా వెళ్ళాక ఆపాడు. దాని ఇనుప కాళ్ళ నీడలో గాలం వేయడమేమిటి, లాగడమేమిటి, ఒకదాని తర్వాత ఒకటి నాలుగు స్నాపర్లు పైకొచ్చాయి. దేనికదే పసిపిల్లాడంత బరువుంది. నోర్బేర్ పాటందుకున్నాడు. క్లోవిస్ మాత్రం చేపల్ని ఐసు పెట్టెలో పెట్టి, మూత మీద కూర్చుని, నాలుగు దిక్కులూ చూడసాగాడు.

మొదట ఆకుపచ్చ పడవ వచ్చింది. అందులో ఉన్నది డెల్మాస్, క్లోవిస్ చిన్నమ్మ కొడుకు. పెట్టె తెరిచి చేపల్ని చూసి మెచ్చుకున్నాడు. ఇవి మన నీళ్ళే, హాయిగా పట్టుకోండి, మామకి నా తరఫున శుభాకాంక్షలు చెప్పండి అన్నాడు. అక్కడితో వెళ్ళిపోతే బాగుండేది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు.

"అన్నా, పొద్దుట్నించీ కేంద్రం పడవ ఒకటి ఇటే తిరుగుతోంది. అదొస్తే నేనేం చెయ్యలేను మరి. చూసుకో."

అంత చల్లగా చెప్పి అతను వెళ్ళిపోయాడు. క్లోవిస్ వెంటనే ఇంజను వేసి ఇంటిదారి పట్టాడు. రిగ్గు ఇంకా కనుమరుగు కాలేదు, వెనక దూరంగా బూడిదరంగు పడవ కనిపించింది. క్లోవిస్ వేగం పెంచాడు. అదీ పెంచింది. తగ్గిస్తే అదీ తగ్గించింది. కొత్త ఇంజన్ల పడవ అది, పట్టుకోవాలనుకుంటే ఎంతసేపు? అయినా పట్టుకోవడం లేదు, వదలడమూ లేదు. క్లోవిస్‌కి ఒళ్ళంతా చెమట పట్టింది. ఎల్మీర్‌ని తాడు కట్టి లాక్కుపోతున్నట్టు, గట్టు మీద మామగారు చేతికర్ర పట్టుకుని చూస్తున్నట్టు కళ్ళకి కట్టింది. ముసలాయన కేకలేస్తే పడవచ్చు. కేకలెయ్యకుండా ఊరుకుంటేనో?

"బావా, భయపడకు. నా దగ్గర ఉపాయముంది," అన్నాడు నోర్బేర్.

ఉపాయం ఏమిటంటే, స్నాపర్‌ని ఎర్రచర్మం చూసే కదా గుర్తుపడతారు, చర్మం తీసి ముక్కలు కోసేస్తే ఏ చేపో దేవుడు కూడా చెప్పలేడని. భయంలో ఉన్నవాడికి ఏ ఉపాయమైనా గొప్పగానే ఉంటుంది. క్లోవిస్ చుక్కాని పట్టుకున్నాడు, నోర్బేర్ కత్తి పట్టుకున్నాడు. మూడున్నర చేపలు ముక్కలయ్యాక క్లోవిస్‌కి ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఒడ్డు చేరేదాకా చేపకి తల, తోక, చర్మం ఉండి తీరాలని రూలు. అది కేంద్రం రూలూ అవును, రాష్ట్రం రూలూ అవును. ఈ ఒక్క విషయంలోనే వాళ్ళిద్దరికీ మాట కలిసింది.

"ఒరేయ్, ఇందాకటి దాకా ఒక ప్రభుత్వానికే దొంగలం. ఇప్పుడు ఇద్దరికీనూ," అన్నాడు క్లోవిస్.

నోర్బేర్ కంగారులో చర్మాలూ పేగులూ తీసి నీళ్ళలోకి విసిరేశాడు. అది చూసి ఒక సముద్రపు కాకి వచ్చింది. అది వెళ్ళి తన బంధుబలగాన్నంతా పిలుచుకొచ్చింది. కాసేపటికి ఎల్మీర్ వెనక ఆకాశమంతా తెల్లటి రెక్కలు, చెవులు చిల్లులు పడే అరుపులు. మా పడవలో దొంగసొత్తు ఉందహో అని దండోరా వేయించినా అంత బాగా వినిపించేది కాదు. ముక్కల్ని దాచడానికి లైఫ్ జాకెట్ల పెట్టె ఖాళీ చేశారు. మరి జాకెట్లు ఎక్కడ పెట్టాలి? ఒంటి మీద. చెరో రెండు తొడుక్కున్నారు. కందిరీగలు కుట్టి ఉబ్బిపోయినవాళ్ళలా ఆ ఇద్దరూ, వాళ్ళ నెత్తిన పక్షులూ, వెనక బూడిదరంగు పడవా, దక్షిణాన నల్లగా కమ్ముకొస్తున్న మబ్బూ, అందరూ కలిసి ఒడ్డువైపు ఊరేగింపుగా బయల్దేరారు.

క్లోవిస్‌కి చివరి ఆశ ఒకటి మిగిలింది. శెరామీ దీవి ఉన్నచోట, అంటే లేనిచోట, నీళ్ళు పలచగా ఉంటాయి. దాని మీదుగా దూరితే పెద్ద పడవ వెంట రాలేదు. మామగారు చిన్నప్పుడు తెడ్డు వేసుకుంటూ తిరిగిన దారి అది. అయితే మామగారే ఉంటే, రాత్రి వీచిన ఉత్తరపు గాలి ఇక్కడి నీళ్ళని నడిసముద్రంలోకి తోసేసి ఉంటుందని తెలుసుకుని, ఆ దారిన వెళ్ళేవారు కాదు. క్లోవిస్ వెళ్ళాడు. ఎల్మీర్ అడుగు బురదని రాసుకుంటూ కొంత దూరం పోయింది. తర్వాత ముసలమ్మ కూలబడ్డట్టు నిట్టూర్చి, ఓ పక్కకి ఒరిగి ఆగిపోయింది. ఆ కుదుపుకి నోర్బేర్ ముందున్న తలలు, తోకలు, నాలుగో చేప తాలూకు సగభాగం పడవ చుట్టూ బురదనీళ్ళలో పడ్డాయి. ఇంజను ఎంత అరిచినా లాభం లేకపోయింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో మామగారి పడవ మామగారి దీవి మీద కూర్చుంది.

బూడిదరంగు పడవ లోతు నీళ్ళలోనే ఆగింది. అందులోంచి రబ్బరు తెప్ప మీద ఒక పొడుగాటి ఆడమనిషి వచ్చింది. విట్‌కమ్ అని కేంద్రం అధికారిణి, ఉత్తరాది నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చింది. పక్షుల గుంపు చూసి అటువైపు నుంచి డెల్మాస్ కూడా ఆకుపచ్చ పడవ వేసుకొచ్చి, దూరంగా లంగరు వేసి, నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు. ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు. క్లోవిస్ రెండు జాకెట్ల మధ్య నుంచి చేతులు పైకెత్తాడు.

"అవి స్నాపర్లేనండి. రిగ్గు దగ్గరే పట్టాం. ముక్కలు కూడా మేమే కోశాం. పడవ మాత్రం నాది కాదండి, మా మామగారిది. దాన్నేం చెయ్యకండి."

నోర్బేర్ నెత్తి కొట్టుకున్నాడు. డెల్మాస్ ముక్కల వంక, అన్న వంక చూసి నిట్టూర్చాడు. పొద్దున వీటికి తలలున్నాయి కదన్నా అని అడిగాడు. భయమేసిందిరా అన్నాడు క్లోవిస్. సొంతవాడైనా డెల్మాస్‌కి తప్పదు. కేసు రాయడానికి చేతిలోని యంత్రం తీశాడు. ఎక్కడ పట్టుకున్నారో అడిగిందది. నొక్కితే పటంలో చుక్క వచ్చి పచ్చరంగు మీద నిలబడింది. యంత్రంలో వాళ్ళు నిలబడ్డది నేల. ఒడ్డు చేరిన చేపని ముక్కలు కోసుకోవడం నేరం కాదు. డెల్మాస్ మోకాళ్ళ చుట్టూ ఉన్న నీళ్ళ వంక ఓసారి చూసుకుని, వైర్‌లెస్‌లో పై అధికారిని పిలిచాడు. ఆయన గొంతు అందరికీ వినపడింది.

"నీళ్ళని రాశావంటే నీ ఉద్యోగం ఊడుతుంది. మన తొమ్మిది మైళ్ళూ అక్కణ్ణించే కొలుస్తున్నాం. అది నేల. పొడి నేల. అర్థమైందా?"

"అయిందండి," అన్నాడు డెల్మాస్. బూటులోకి ఒక పీత దూరుతుంటే కాలు విదిలించుకున్నాడు.

విట్‌కమ్ ఒప్పుకోలేదు. మా పటంలో ఇక్కడ దీవి లేదు, ఇది సముద్రం, కేసు నేను రాస్తానంది. క్లోవిస్ గుండె జారిపోయింది. ఆమె కూడా పై అధికారిని పిలిచి, పడవ బురదలో ఇరుక్కుందని చెప్పింది. తర్వాత ఆయన తీరిగ్గా చెప్పిన దాని సారాంశం ఇది: ఇరుక్కుందని రాస్తే కింద నేల ఉందని కేంద్రమే ఒప్పుకున్నట్టవుతుంది, రేపు రాష్ట్రం వాళ్ళు ఆ ముక్కని కోర్టులో చదువుతారు, కాబట్టి అక్కడ పడవా లేదు, ఇరుక్కోవడమూ లేదు, నువ్వు వెనక్కి రా.

నోర్బేర్ నవ్వడం మొదలుపెట్టాడు. క్లోవిస్‌కి మొదట నమ్మకం కలగలేదు. కేసు లేదు. ఎల్మీర్‌ని ఎవరూ పట్టుకుపోవడం లేదు. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. అవి తుడుచుకునే లోపే ఇద్దరు అధికారులూ ఎవరి పడవ వైపు వాళ్ళు మళ్ళడం చూసి అతని ప్రాణం మళ్ళీ ఎగిరిపోయింది.

"అయ్యో, వెళ్ళిపోతారేంటి? తాడు వేసి లాగండి," అన్నాడు.

డెల్మాస్ మొహం దించుకున్నాడు. నేల మీదున్న పడవని లాగడం మా శాఖ పని కాదన్నా, లాగితే నీళ్ళని ఒప్పుకున్నట్టే అన్నాడు. విట్‌కమ్ అయితే లేని పడవని లాగలేనంది. పాపం మంచి మనిషే. చాలా చిన్నబుచ్చుకుంటూ అంది. దక్షిణాన ఉరిమింది. మబ్బు సగం ఆకాశం మీదికి పాకింది. ఇలా ఒరిగి ఉన్న పడవని పెద్ద అల వచ్చి కొడితే పక్క చెక్కలు పగిలిపోతాయి. ఆ సంగతి క్లోవిస్‌కి తెలుసు. పొద్దుటి నుంచీ పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"పోనీ కేసు రాసుకోండి. ఇద్దరూ రాసుకోండి. నన్ను లోపలెయ్యండి. పడవని మాత్రం ఇంటికి చేర్చండి," అని బతిమాలాడు.

ఎవరూ రాయలేదు. మనుషుల్ని కావాలంటే ఎక్కించుకుంటామన్నారు ఇద్దరూ. నోర్బేర్ ఒక కాలు తీసి నీళ్ళలో పెట్టాడు. బావని వదిలి వచ్చానని అక్కతో చెప్పే సీను ఊహించుకుని ఆ కాలు మళ్ళీ పడవలో పెట్టుకున్నాడు. క్లోవిస్ పడవ దిగనన్నాడు. డెల్మాస్ మంచినీళ్ళ సీసాలిచ్చి, సాయంత్రం పోటు వస్తే అదే తేలుతుందిలే అని ధైర్యం చెప్పి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆకుపచ్చా లేదు, బూడిదరంగూ లేదు. పక్షులు కూడా కడుపు నిండి వెళ్ళిపోయాయి.

ఇక మిగిలింది ఒక్క మనిషే. రెండు ప్రభుత్వాలకీ కలిపి పడిన దానికన్నా క్లోవిస్ ఆయనకి ఎక్కువ భయపడతాడు. పడవలోని వైర్‌లెస్ చేతిలోకి తీసుకుని, రెండుసార్లు పెట్టేసి, మూడోసారి మామగారి ఇంటి వైర్‌లెస్‌కి పిలిచాడు. ఒక్క ముక్క దాచకుండా జరిగిందంతా చెప్పేశాడు. క్లోవిస్ కళ్ళు మూసుకున్నాడు.

"రాష్ట్రం వాడు ఏమన్నాడన్నావు?" అని అడిగాడు ముసలాయన.

"నేల అన్నాడండి, మామయ్యా."

"ఎంత నేల?"

"పొడి నేలండి."

క్లోవిస్ కళ్ళు తెరిచాడు.

"అయితే నడిచి రా," అని పెట్టేశాడు ఆల్సిద్ శెరామీ.

వాన వచ్చింది. ఉరుములు నెత్తి మీదుగా పోయాయి. అల పెద్దది లేచినప్పుడల్లా బావా బావమరుదులిద్దరూ నీళ్ళలోకి దిగి, ఒరిగిన వైపు భుజాలు ఆనించి నిలబడ్డారు. నోర్బేర్ పాటలు మానేశాడు. ఒకసారి చెక్క ఏదో కిర్రుమంది. క్లోవిస్ దాని మీద చెయ్యేసి, అత్తగారూ, ఈ ఒక్కసారికి కాపాడండి అన్నాడు. బతికున్నప్పుడు ఆవిడతో అంత పొడుగు మాట ఎప్పుడూ ఆడలేదు. పిడుగు పడ్డా ఆ పడవ దగ్గర నుంచి కదలకూడదని అతనికి అనిపించింది, కదల్లేదు కూడా. అల ఒక్కటీ ఎల్మీర్‌ని పగలగొట్టలేదు. పొద్దు వాలుతుండగా దక్షిణం నుంచి సముద్రపు గాలి మొదలైంది, నీళ్ళు నడుము దాకా వచ్చాయి, పడవ మెల్లగా లేచి నిటారుగా కూర్చుంది.

అప్పటికి పొరుగింటి రొయ్యల పడవ వచ్చి పక్కన ఆగింది. అందులో ఉత్తపుణ్యానికి చెమటలు కక్కుతున్న పొరుగాయనా, చేతికర్రతో ముసలాయనా ఉన్నారు. ముసలాయన పడవని చూడలేదు, అల్లుణ్ణి చూడలేదు. ఆపరేషన్ అయిన మోకాలు వద్దంటున్నా వినకుండా నీళ్ళలోకి దిగాడు. కర్రతో అడుగున తడుముకుంటూ కొంచెం అటు, కొంచెం ఇటు నడిచాడు. ఒకచోట కర్ర దేనికో తగిలి టక్కుమంది. అక్కడ ఆగిపోయి టోపీ తీశాడు.

"పొయ్యి," అన్నాడు. "మా అమ్మ పొయ్యి ఇక్కడుండేది. ఇది వంటిల్లు."

ఆయన టోపీ మళ్ళీ పెట్టుకుని, ఎల్మీర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పక్క చెక్కలన్నీ చేత్తో తడిమి చూశాడు. క్లోవిస్ రెండు జాకెట్లలోనూ వణుకుతూ నిలబడ్డాడు. చివరికి ముసలాయన చూపు నీళ్ళ మీద తేలుతున్న చేప తలల మీదికి పోయింది.

"మా ఇంట్లో చేపలు కోసి నేల కడగకుండా వెళ్ళడం మా అమ్మ ఒప్పుకునేది కాదు," అన్నాడు.

క్లోవిస్ మారుమాట లేకుండా బకెట్టు అందుకుని, సముద్రంలోనే ముంచి, సముద్రం మీదే పోసి, శుభ్రంగా కడిగాడు.